మైన్‌క్రాఫ్ట్ హాలోవీన్: చంద్రగిరి కోట మ్యాపులో 14 మంది పిల్లలకు మిఠాయి వేట, మూడు చోట్ల ఆగింది

కొర్లగుంట_అక్క (ప్రశ్న)

తిరుపతిలో మా అపార్టుమెంటు పిల్లలు 14 మంది ఉండారు, 7 నుంచి 13 ఏళ్ల లోపు. ఈ అక్టోబరు 31 శనివారం పడింది కాబట్టి సాయంత్రం 5 నుంచి 7 దాకా మైన్‌క్రాఫ్ట్‌లో హాలోవీన్ పెడదామని ఏర్పాటు. జావా ఎడిషన్ (కంప్యూటర్లలో ఆడే రకం), పేపర్ సర్వర్ (ప్లగిన్లు వేసుకునే సర్వర్ సాఫ్ట్‌వేర్), వెర్షన్ 1.21 వరసలోది. విదేశంలో ఉండే అద్దె హోస్టింగు, 4 జీబీ ర్యామ్. 8 మందికి ల్యాప్‌టాప్‌లు, 6 మందికి ఫోన్లే.

మ్యాపు చంద్రగిరి రాజమహల్ లెక్కన మూడంతస్తుల కోట. లోపల 12 మిఠాయి స్థానాలు. గోడకు బటన్, దాని వెనక కమాండ్ బ్లాక్ (తనలో రాసిన ఆదేశాన్ని నడిపే బ్లాకు). ఎవరు నొక్కితే వాళ్లకు ఒక మిఠాయి రావాల, రెండోసారి నొక్కితే రాకూడదు. తీసుకున్నోళ్లకు ఆ స్థానం పేరుతో ఒక ట్యాగ్ (ఆటగాడికి తగిలించే గుర్తు) తగిలించి, ఆ ట్యాగ్ లేని దగ్గరి ఆటగాడికి మిఠాయి ఇవ్వమని రాసినా.

ఇబ్బందులు ఇవి:

మొదటిది, గేటు దగ్గరి నాలుగు బటన్లు నేను నొక్కితే పని చేస్తాయి, పిల్లోళ్లు నొక్కితే చప్పుడే లేదు. లోపలి బటన్లు అందరికీ పని చేస్తాయి.

రెండోది, ఒకసారి తీసుకున్న పిల్లోడు మళ్లీ నొక్కితే మిఠాయి పక్కన నిలబడినోడికి పోతోంది. అడక్కుండానే వచ్చేసింది అని వాడు సంబరం, నా వేట పాడైంది అని ఇంకొకరు ఏడుపు.

మూడోది, హాలోవీన్‌కు జాంబీలు గుమ్మడికాయ తలకాయలతో వస్తాయి అంటారు కదా, ఎంత సేపు చూసినా ఒక్కటీ రాలేదు. ఏదన్నా సెట్టింగు ఉందా?

రెడ్‌స్టోన్_మేస్త్రి

మొదటిది స్పాన్ ప్రొటెక్షన్ పని, అంటే ఆటగాళ్లు మొదట పుట్టే చోటుకు (స్పాన్) ఉండే కాపలా. సర్వర్ ప్రాపర్టీస్ ఫైల్లో దాని విలువ మామూలుగా 16 ఉంటుంది. అంటే స్పాన్ స్థానం చుట్టూ నాలుగు పక్కలా 16 బ్లాకులు, మొత్తం 33కు 33 చదరంలో, ఓపీ (సర్వర్ మీద అధికారం ఉన్నోళ్లు) కాని వాళ్లు దేన్నీ పగలగొట్టలేరు, పెట్టలేరు. చాలామంది మరిచిపోయేది ఏందంటే బటన్లు, తలుపులు, పెట్టెలు కూడా ఆ చదరంలో వాళ్లకు పని చెయ్యవు. మీరు ఓపీ, అందుకే మీకు తేడా తెలీలేదు. ఆ విలువ 0 చేసి సర్వర్ రీస్టార్ట్ చెయ్యండి. మరి గోడలు పగలగొడతారే అంటారా, దానికి పిల్లలందరినీ అడ్వెంచర్ మోడ్‌లో పెట్టండి. అందులో బటన్ నొక్కచ్చు, తలుపు తియ్యచ్చు, జాంబీని కొట్టచ్చు, గోడ మాత్రం పగలదు. ఇంకోటి, ఏది పరీక్షించినా ఓపీ లేని రెండో ఖాతాతోనే పరీక్షించండి. ఓపీ ఖాతాతో చూసిన పరీక్షకు విలువ లేదు.

రెండోది మీ షరతు ఉన్న చోటులో తప్పు. "ట్యాగ్ లేని వాళ్లలో దగ్గరివాడు" అని అడిగారు. ట్యాగ్ ఉన్న పిల్లోడు బటన్ దగ్గరే నిలబడినా ఆట వాడిని లెక్కలోంచి తీసేసి, ట్యాగ్ లేని తర్వాతి వాడిని వెతుక్కుంటుంది. ముందు దగ్గరివాడు ఎవరో తేల్చుకోవాల, ఆ తర్వాతే వాడికి ట్యాగ్ ఉందా లేదా చూడాల. మాటల్లో చెప్తే కమాండ్ ఇట్లా ఉండాల: ఎగ్జిక్యూట్ యాజ్ @పి (దగ్గరి ఆటగాడు), చదరపు బ్రాకెట్లో డిస్టెన్స్ 3 లోపు, ఆ తర్వాత ఇఫ్ ఎంటిటీ @ఎస్ (అట్లా తేలినవాడే), దాని బ్రాకెట్లో ట్యాగ్ లేకపోతే, ఆ తర్వాత రన్ గివ్. షరతు @పి బ్రాకెట్లోంచి తీసి @ఎస్ బ్రాకెట్లోకి మార్చడమే, మిగతాదంతా మీరు రాసిందే.

ఒక్కో స్థానానికి మూడు బ్లాకులు వరసగా కావాల. మొదటిది ఇంపల్స్ (నొక్కుకు ఒకసారే నడిచే రకం), మిఠాయి ఇచ్చేది. రెండోది చెయిన్ (ముందు బ్లాకు తర్వాత నడిచే రకం), స్కోరుబోర్డులో ఒకటి కలిపేది. మూడోది చెయిన్, ట్యాగ్ తగిలించేది. మూడింటికీ అదే షరతు. ట్యాగ్ బ్లాకు చివరనే ఉండాల. ముందు పెడితే ట్యాగ్ తగిలిపోయి మిఠాయి ఇచ్చే బ్లాకు ఎవర్నీ పట్టుకోదు. చెయిన్ బ్లాకులు రెండూ "ఆల్వేస్ యాక్టివ్"లో ఉండాల, బాణం గుర్తులు ఒకే దిక్కుకు ఉండాల. పొరపాటున మొదటి బ్లాకు రిపీట్‌లో (ఆగకుండా నడిచే రకం) ఉండి, ట్యాగ్ పని చెయ్యకపోతే రాతి బటన్ ఒక్క నొక్కుకే మిఠాయిలు కుప్ప పోస్తుంది. రాతి బటన్ ఒక సెకను నొక్కుకుని ఉంటుంది, ఆట గడియారంలో సెకనుకు 20 టిక్కులు, టిక్కుకు ఒకటి.

దూరం కొలిచేది బటన్ నుంచి కాదు, కమాండ్ బ్లాక్ నుంచి. బ్లాకును నేల కింద లోతుగా దాచి రెడ్‌స్టోన్ (ఆటలో కరెంటు లాంటిది) తీగ లాగితే కింది అంతస్తులో తిరిగేవాడే "దగ్గరివాడు" అయి కూర్చుంటాడు. బటన్ ఉన్న గోడ వెనకే పెట్టండి. మూడంతస్తుల మ్యాపు కాబట్టి ఇది తప్పకుండా ఎదురయ్యేదే.

మిఠాయికి చక్కెర వాడి, గివ్ కమాండ్‌లోనే పేరు పెట్టండి. పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టడం నయం. తెలుగు రాస్తే ఆటలో ఒత్తులు, గుణింతాలు సరిగా అతుక్కోవు.

చిత్తూరు_గ్రీమ్స్‌పేట

మూడోదానికి సెట్టింగు లేదక్కా, తేదీనే సెట్టింగు. జావా ఎడిషన్‌లో అక్టోబరు 31న పుట్టే జాంబీలు, స్కెలిటన్లలో నాలుగో వంతు గుమ్మడికాయ తలతో వస్తాయి. అట్లా వచ్చేవాటిలో పదింట ఒకటి జాక్ ఓ లాంతర్ (లోపల దీపం ఉన్న గుమ్మడికాయ) పెట్టుకుని వస్తుంది. అంటే 100 జాంబీలు పుడితే సుమారు 22 మామూలు చెక్కిన గుమ్మడికాయ, రెండో మూడో లాంతర్. తల మీద ఉన్న లాంతరు వెలుగు ఇవ్వదు, చూడ్డానికే. ఆ కాయ కింద పడుతుందని పిల్లలకు ఆశ పెట్టకండి.

ఆ తేదీ ఎవరిది? సర్వర్ నడిచే కంప్యూటర్‌ది. ఆటలోని రోజు కాదు, పిల్లల ఫోన్లో తేదీ కాదు. యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) గడియారంతో నడిచే హోస్టింగ్ అయితే మనకు 31 తెల్లవారి 5:30కి హాలోవీన్ మొదలై, నవంబరు 1 తెల్లవారి 5:30కి ముగుస్తుంది. అమెరికా పశ్చిమ తీరం గడియారమైతే 31 మధ్యాహ్నం 12:30కి గానీ మొదలు కాదు. మీది సాయంత్రం 5 గంటలు కాబట్టి రెండింట్లో ఏదైనా ఇబ్బంది లేదు. కానీ 31 పొద్దున్నే రిహార్సల్ పెట్టి "రాలేదే" అని కంగారు పడకండి. హోస్టింగ్ వాళ్లు స్టార్టప్ లైను మార్చనిస్తే జావా టైమ్‌జోన్‌ను ఏషియా/కోల్‌కతాగా పెట్టుకోవచ్చు.

గుమ్మడికాయ తగిలేది పుట్టే క్షణంలోనే. అంతకుముందు పుట్టి తిరిగే జాంబీకి అర్ధరాత్రి దాటగానే తల మారదు.

ఇంకో మూడు సంగతులు.

పీస్‌ఫుల్‌లో అసలు జాంబీలే ఉండవు, కనీసం ఈజీ కావాల.

ఆటగాడికి 24 బ్లాకుల లోపల రాక్షసులు తమంతట తాము పుట్టవు, ప్రపంచ స్పాన్ స్థానానికి 24 బ్లాకుల లోపలా పుట్టవు. 14 మంది కోటంతా పరుచుకుంటే లోపల ఒక్కటీ పుట్టదు, అన్నీ బయట పొలంలో పుడతాయి. లోపల కావాలంటే స్పానర్లు (జాంబీల్ని పుట్టించే బ్లాకులు) పెట్టండి. ఆటగాడు 16 బ్లాకుల లోపలికి వస్తే స్పానర్ లేస్తుంది, దాంట్లోంచి వచ్చేవాటికీ 31న అదే గుమ్మడికాయ లెక్క.

పుట్టాలంటే ఆ చోట బ్లాకు వెలుగు సున్నా ఉండాల. మీరు అలంకారానికి ప్రతి మూలా జాక్ ఓ లాంతర్ పెట్టి ఉంటారు. దాని వెలుగు 15, బ్లాకుకు ఒకటి చొప్పున తగ్గుతుంది. అంటే 14 బ్లాకుల దాకా స్పానర్ కూడా పస్తే. మిఠాయి గదుల్లో లాంతర్లు, రాణివాసం పక్క ఒక్క పెరడు మాత్రం చీకటి, అట్లా విడదీయండి. నీలం వెలుగు ఇచ్చే సోల్ లాంతరుది 10, దెయ్యం కళ దానికే ఎక్కువ.

ఇది కూడా గుర్తుంచుకోండి: తల మీద గుమ్మడికాయ ఉన్న జాంబీ ఎండకు కాలదు. పొద్దు పొడిచినా తిరుగుతానే ఉంటుంది. మర్నాడు అదే ప్రపంచంలో మామూలు ఆట ఆడేటట్లయితే ఏరి చంపాల్సిందే.

కొర్లగుంట_అక్క

బటన్లు, ట్యాగు రెండూ కుదిరినాయి, మేస్త్రికి దండం. నిజంగానే మూడో అంతస్తు బ్లాకు ఒకటి కింది గది కప్పులో ఉండింది.

యూట్యూబ్‌లో చూసి గుమ్మడికాయ తల జాంబీని సమ్మన్ కమాండ్‌తో పుట్టిద్దామని చూస్తే జాంబీ వస్తోంది, తలకాయ ఖాళీ. రిహార్సల్ 30న పెట్టుకున్నా, ఆ రోజు చూపించేదానికి కావాల.

ఇంకా ఫోన్ల పిల్లోళ్లు ఆరుగురిలో ఇద్దరే లోపలికి రాగలిగినారు. ఫోన్లలో ఆట వేరే రకం కదా, దాన్ని జావా సర్వర్‌కు కలిపే గీజర్, జావా ఖాతా లేకుండా రానిచ్చే ఫ్లడ్‌గేట్, ప్లగిన్లు రెండూ వేసినా.

చిత్తూరు_గ్రీమ్స్‌పేట

ఆ వీడియో పాతది. 1.21.5 నుంచి ప్రాణుల మీది వస్తువులు రాసే పద్ధతి మారింది. అంతకుముందు ఆర్మర్ ఐటమ్స్ అని నాలుగు గళ్ల జాబితా ఉండేది. ఇప్పుడు ఈక్విప్‌మెంట్ అని ఒకటే మాట, దాని లోపల హెడ్ అని రాసి వస్తువు పేరు ఇవ్వాల. పాత మాట రాస్తే తప్పు చూపదు, ఊరికే పట్టించుకోదు, అందుకే తల ఖాళీగా జాంబీ వచ్చింది. వస్తువులకు పేరు, రంగు ఇచ్చే పద్ధతి కూడా 1.20.5లో మారి చదరపు బ్రాకెట్లలోకి వచ్చింది. 2024కు ముందు వీడియోల్లోని గివ్ కమాండ్లు కాపీ కొట్టి లాభం లేదు.

గీజర్_గోపురం

ఫోన్లకు వరసగా ఇవి చూడండి.

పోర్ట్ ముందు. ల్యాప్‌టాప్‌లది టీసీపీ 25565, ఫోన్లది యూడీపీ 19132. అద్దె హోస్టింగుల్లో రెండో పోర్టు వేరే అంకె ఇస్తారు, దాన్ని గీజర్ కాన్ఫిగ్ ఫైల్లో కూడా రాయాల. మీకు ఇద్దరు వచ్చారంటే పోర్టు బాగానే ఉన్నట్టు, కాబట్టి తర్వాతవి చూడండి.

వైట్‌లిస్ట్, అంటే లోపలికి రానిచ్చే పేర్ల జాబితా. ఫ్లడ్‌గేట్ ఫోన్ పిల్లల పేరుకు ముందు చుక్క పెడుతుంది. మామూలు వైట్‌లిస్ట్ కమాండ్‌తో చుక్క లేని పేరు చేరిస్తే వాళ్లు బయటే. దానికి ఎఫ్‌వైట్‌లిస్ట్ యాడ్ అనే కమాండ్ వేరేగా ఉంది. వైట్‌లిస్టే వద్దు అని మాత్రం తీసెయ్యకండి. పిల్లల సర్వర్‌కు అది గడప లాంటిది, అడ్రసు ఎవరి వాట్సాప్ స్టేటస్‌లోకి పోతుందో చెప్పలేం.

చైల్డ్ అకౌంటు. నలుగురు ఆగింది ఎక్కువగా ఇక్కడే అయ్యుంటుంది. పిల్లల పుట్టిన తేదీ నిజంది ఇచ్చి మైక్రోసాఫ్ట్ ఖాతా తెరిస్తే మల్టీప్లేయర్ అనుమతి మూసి ఉండచ్చు. అమ్మో నాన్నో తమ ఖాతాతో ఎక్స్‌బాక్స్ ప్రైవసీ పేజీకి పోయి, పిల్లల పేరు కింద మల్టీప్లేయర్ ఆటల్లో చేరనిచ్చే వరసను అనుమతించాల. తర్వాత ఫోన్లో సైన్ అవుట్ చేసి మళ్లీ రావాల, లేకపోతే పాత అనుమతే పట్టుకుని ఉంటుంది. దొంగ పుట్టిన తేదీతో కొత్త ఖాతా తెరిచే సలహా ఎవరన్నా ఇస్తే వినకండి, చాట్ కాపలాలన్నీ దాంతోనే పోతాయి.

గీజర్ వెర్షన్. ఫోన్లో ఆట తనకు తానే అప్‌డేట్ అవుతుంది, గీజర్ పాతదైతే ఒప్పుకోదు. 30న గీజర్ కొత్తది వేసి, 31న ముట్టుకోకండి.

వేషాల పోటీ పెడితే ఒకటి. ఫోన్లో క్యారెక్టర్ క్రియేటర్‌తో చేసిన వేషం ల్యాప్‌టాప్ వాళ్లకు కనబడదు. 64కు 64 స్కిన్ ఫైలు తయారు చేసి ఫోన్లో ఇంపోర్ట్ చేస్తే రెండు పక్కలా కనబడుతుంది, మొదటిసారి కాసేపు ఆలస్యం అవుతుంది. వేషం కట్టడం మన తిరుపతి పిల్లలకు ఒకరు నేర్పాలా, గంగమ్మ జాతర చూసి పెరిగినోళ్లు. కానీ జాతర వేషాలు మొక్కు వేషాలు, వాటిని దెయ్యాల లిస్టులో కలపకండి. పెద్దోళ్లకు ఇబ్బందిగా ఉంటుంది, అది న్యాయమే.

రెడ్‌స్టోన్_మేస్త్రి

మ్యాపు గురించి అడగలేదు గానీ చెప్తా, ఎందుకంటే అడ్వెంచర్ మోడ్ పెట్టమన్నది నేనే, దాంతో వచ్చే తంటాలు కొన్ని ఉండాయి.

సాలెగూళ్లు దారిలో పెట్టి ఉంటే తీసెయ్యండి. అడ్వెంచర్‌లో వాటిని తెంచలేరు. చిన్నోళ్లు అందులో చిక్కితే నత్తలాగా కదులుతారు, ఈలోగా జాంబీ వచ్చి కొడుతుంది. కప్పు మూలల్లో, చెయ్యి అందని ఎత్తులో పెట్టండి.

బాణసంచా రాకెట్లు పిల్లల చేతికి ఇద్దామనుకుంటే అడ్వెంచర్‌లో నేల మీద పెట్టి వెలిగించలేరు. డిస్పెన్సర్‌లో నింపి బటన్ పెట్టండి.

ఎప్పుడూ రాత్రే ఉండాలని సమయం 18000 దగ్గర ఆపేస్తారు కదా. డేలైట్ సైకిల్ గేమ్‌రూల్ (ఆట నియమం) ఆపడం సరే, కానీ ఫాంటమ్‌లు (ఎగిరే రాక్షసులు) గుర్తుండాయా? నిద్రపోక 72,000 టిక్కులు దాటిన ఆటగాడి మీదికి రాత్రిపూట ఆకాశం కింద వచ్చి పడతాయి. 72,000 టిక్కులు అంటే సరిగ్గా ఒక గంట. మీ ఆట రెండు గంటలు. అంటే 6 దాటగానే పైకప్పు మీద, పెరట్లో తిరిగే వాళ్ల మీద దాడి మొదలు. రిహార్సల్ అదే ప్రపంచంలో చేసి ఉంటే ఆ లెక్క కూడా కలుస్తుంది కాబట్టి ఇంకా ముందే. ఇన్సోమ్నియా గేమ్‌రూల్ ఫాల్స్ చెయ్యండి. కీప్ ఇన్వెంటరీ ట్రూ, లేకపోతే చచ్చినోడి మిఠాయిలు నేల పాలు, ఇంకొకడు ఏరుకుంటాడు. మాబ్ గ్రీఫింగ్ ఫాల్స్ చేస్తే క్రీపర్ పేలినా కోట గోడ చెక్కుచెదరదు, పిల్లోడికి దెబ్బ మాత్రం తగులుతుంది. కొత్త వెర్షన్లలో గేమ్‌రూల్ పేర్లు మారాయి, ట్యాబ్ నొక్కి వచ్చే జాబితాలోంచి తీసుకోండి.

4 జీబీకి 14 మంది చాలు, వ్యూ డిస్టెన్స్ (కనబడే దూరం) 6, సిమ్యులేషన్ డిస్టెన్స్ (ఆట నడిచే దూరం) 5 పెడితే. రెండూ మామూలుగా 10 ఉంటాయి. వరల్డ్ బార్డర్ (ప్రపంచం హద్దు) 300 పెట్టి, చంకీ ప్లగిన్‌తో ఆ చదరాన్ని ముందే పుట్టించుకోండి. అందరూ ఒకేసారి నాలుగు దిక్కులా పరిగెత్తితే సర్వర్ ఈడ్చేది కొత్త నేల పుట్టించే పని దగ్గరే.

రాజమహల్ రంగుకు నున్నటి ఇసుకరాయి బ్లాకు బాగుంటుంది. కమానులకు మెట్ల బ్లాకుల్ని తలకిందులు పెట్టండి. అంతస్తు ఎత్తు లోపల 5 బ్లాకులకు తగ్గకూడదు, ఫోన్లో కెమెరా తిప్పుకునేదానికి చోటు కావాల.

కొర్లగుంట_అక్క

ముగ్గురు ఫోన్లోళ్లు వచ్చేసినారు, చైల్డ్ అకౌంటే. నాలుగో వాడి నాన్న ఊర్లో లేడు, వచ్చినాక చూస్తాం.

చివరగా రెండు. రాకెట్లు పేలినప్పుడు దెయ్యం మొహం ఆకారం వస్తుందంట, ఎట్లా? దీపావళి కూడా వారం రోజుల్లోనే, నవంబరు 8, ఆ మ్యాపులోనే కాల్చుకుంటారు. రెండోది, అక్టోబరు చివర మనకు వానలు, కరెంటు పోతే ఏం చెయ్యాల?

చిత్తూరు_గ్రీమ్స్‌పేట

ఆకారం రాకెట్టులో ఉండదు, దాని లోపల వేసే స్టార్‌లో (పేలే మందు) ఉంటుంది. స్టార్‌కు ఒక గన్‌పౌడర్, ఒక రంగు, ఏదో ఒక తలకాయ, అది జాంబీదైనా స్కెలిటన్‌దైనా సరే, క్రీపర్ మొహమే వస్తుంది. తలకాయ బదులు ఫైర్ చార్జ్ వేస్తే పెద్ద గుండ్రం, బంగారు నగ్గెట్ వేస్తే నక్షత్రం. గ్లోస్టోన్ పొడి కలిపితే మిణుకు మిణుకుమంటుంది, వజ్రం కలిపితే తోక వదులుతుంది. రాకెట్టుకు ఒక కాగితం, ఒకటి నుంచి మూడు గన్‌పౌడర్, ఒక స్టార్. మూడు రాకెట్లు వస్తాయి. గన్‌పౌడర్ పెరిగేకొద్దీ ఎత్తు పెరుగుతుంది. కోట ముంగిట్లో కాల్చేదానికి రెండు చాలు, మూడు వేస్తే చిన్న ఫోన్ల వాళ్లకు కంటికి అందదు. స్టార్ వెయ్యకుండా చేస్తే పైకి పోయి చప్పుడు లేకుండా ఆరిపోతుంది, దీపావళికి తడిసిన టపాకాయ మాదిరి.

గీజర్_గోపురం

సర్వర్ అద్దెది కాబట్టి మీ ఇంట్లో కరెంటు పోయినా అది నడుస్తానే ఉంటుంది, ఆట పిల్లల పక్కనే తెగుతుంది. ఇంట్లోని కంప్యూటర్ మీదికి మార్చాలని ఆలోచన ఉంటే వద్దు. వాన సంగతి అటుంచి, మన దగ్గర చాలా ఫైబర్ కనెక్షన్లు సీజీనాట్ (చాలామందికి కలిపి ఒకే బయటి ఐపీ ఇచ్చే పద్ధతి) వెనక ఉంటాయి. రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య కనిపిస్తే పోర్ట్ ఫార్వర్డ్ ఎంత చేసినా బయటివాళ్లు లోపలికి రాలేరు.

రౌటర్‌కు చిన్న యూపీఎస్ ఉంటే ల్యాప్‌టాప్‌లు బ్యాటరీ మీద లాగుతాయి. ఫోన్ల వాళ్లు మొబైల్ డేటాకు మారితే ఒకసారి తెగి మళ్లీ కలవాల, ట్యాగులు, స్కోరు అన్నీ సర్వర్లోనే ఉంటాయి కాబట్టి ఏమీ పోదు. సగం మందికి పైగా తెగితే స్పానర్లున్న పెరడు తలుపు మూసేసి ఆగండి. తిరిగొచ్చే పిల్లోడు తెగిన చోటే లేస్తాడు, జాంబీల మధ్య లేస్తే పాపం.

30 రాత్రి సేవ్-ఆల్ కొట్టి, సర్వర్ ఆపి, ప్రపంచం ఫోల్డర్ కాపీ తీసి పెట్టండి. రిహార్సల్‌లో పిల్లలకు తగిలిన ట్యాగులు 31న అలాగే ఉంటాయి. తీసెయ్యకపోతే వేట మొదలవగానే ఒక్కరికీ మిఠాయి రాదు. ట్యాగ్ @ఏ రిమూవ్ అని 12 పేర్లకూ కొట్టాల, స్కోరుబోర్డు కూడా సున్నా చెయ్యాల. @ఏ అంటే ఆ క్షణంలో లోపల ఉన్నవాళ్లే, బయట ఉన్నోడి ట్యాగ్ పోదు. కాబట్టి 31 సాయంత్రం 14 మందీ లోపలికి వచ్చి గేటు ముందు నిలబడినాక కొట్టండి, ఆ తర్వాతే గేటు తియ్యండి.

కొర్లగుంట_అక్క

12 రిమూవ్‌లూ ఒకే బటన్ వెనక చెయిన్‌లో పెట్టేసినా, గేటు తలుపు తెరిచే బటన్ కూడా అదే.

రెడ్‌స్టోన్_మేస్త్రి

ఆ బటన్ పిల్లలకు అందే చోట లేకుండా చూడండి అక్కా. మధ్యలో ఎవరన్నా ఇంకోసారి నొక్కితే అందరి ట్యాగులూ పోయి మళ్లీ మొదటి నుంచి మిఠాయిలు. మీరు ఒక్కరే పోగలిగే గదిలో పెట్టండి, లేదంటే మొదటి కమాండ్ బ్లాకును "నీడ్స్ రెడ్‌స్టోన్"లోనే ఉంచి లోపల లివర్‌తో తెంపేయండి.